తమ్ముడి గొంతు

ఆ ఎండాకాలం కొండాపూర్‌లో నీళ్ల ట్యాంకరు కంటే ఎక్కువ మర్యాద దక్కించుకున్న మనిషి పార్థసారథి గారొక్కరే. 1999 మార్చిలో ఒక ఆదివారం పొద్దున ఆయన కారు మా వీధి దుమ్ములో ఆగగానే, మా ఇంటి ఓనరమ్మ సీతాబాయి నిండుతున్న బిందెను అలాగే వదిలేసి వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడింది. అమ్మ స్టీలు గ్లాసులు వెనక్కి నెట్టి, ఏడాదికోసారి దించే గాజు గ్లాసులు దించింది. నా తమ్ముడు యశ్వంత్ చొక్కా మార్చుకుని వస్తానని లోపలికి వెళ్లి పావుగంటైనా బయటికి రాలేదు. వాడు అద్దం ముందు నిలబడి ఏడేళ్ల కిందటి మొహం కోసం వెతుక్కుంటున్నాడని నాకు తెలుసు.

ఏడేళ్ల కిందట ఆ మొహం తెలియని ఇల్లు లేదు. పార్థసారథి గారు తీసిన బడిపిల్లల సీరియల్లో వాడు చరణ్. పద్నాలుగేళ్ల వయసు, నుదుటి మీద పడే జుట్టు, ఎడమ బుగ్గన సొట్ట. "భయమా? దాన్ని బెంచీ ఎక్కించు!" అని వాడు తెర మీద అంటే, మర్నాడు ప్రతి బళ్లోనూ అదే మాట. ఆడపిల్లలు రాసిన ఉత్తరాలను పోస్ట్‌మాన్ విసుక్కుంటూ కట్టలు కట్టలుగా తెచ్చి పడేసేవాడు. అనంతపురం ఆర్టీసీ డిపోలో పనిచేసే నాన్నను అక్కడే ఉంచి, అమ్మ మా ఇద్దరినీ వెంటబెట్టుకుని హైదరాబాద్ వచ్చేసింది. తర్వాత సీరియల్ అయిపోయింది, వాడికి మీసాలొచ్చాయి. పిల్లల వేషాలకు పెద్దవాడు, పెద్దల వేషాలకు చిన్నవాడు అయ్యాడు. ఇంటర్ తప్పాడు. కొన్నాళ్లు చీరల కొట్ల ప్రారంభోత్సవాలకు పిలిచారు, ఆ తర్వాత అదీ మానేశారు.

"చరణ్ పెద్దవాడై ఇంటికి తిరిగొస్తాడండి. అదే మన కొత్త సీరియల్," అన్నారు పార్థసారథి గారు మజ్జిగ తాగుతూ. "కొత్త ఛానెల్ వాళ్లు కథ విని ఎగిరి గంతేశారు. మొహం మాత్రం ఆ మొహమే కావాలన్నారు. ముందొక చిన్న సీను తీసి చూపిస్తే జూన్‌లో మొదలుపెట్టేయొచ్చండి."

"దేవుడు ఇన్నాళ్లకు మా పక్క చూసినాడు సార్," అని అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గొంతు సంగతి మీరేం బెంగ పెట్టుకోకండి. మంచి డబ్బింగ్ కుర్రాడున్నాడు మా దగ్గర."

"నేనే చెప్తా సార్."

యశ్వంత్ ఎప్పుడొచ్చాడో గడపలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు కానీ గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. "నా మాటలు నేనే చెప్తా. అట్లయితేనే చేస్తా," అన్నాడు.

పార్థసారథి గారు నా వైపు చూశారు. అమ్మ కూడా నా వైపే చూసింది. ఆ చూపులు అర్థం కానిది ఒక్క సీతాబాయికే, ఎందుకంటే చరణ్ గొంతు నాదన్న సంగతి ఆవిడకు తెలియదు. ఆవిడకే కాదు, బయట ఎవరికీ తెలియదు.

ఆ పాత సీరియల్ మొదటి రోజు షూటింగులో వాడు "యాడికి పోతాండావురా" అన్న ధోరణిలో డైలాగు చెప్పేసరికి అక్కడున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. పైగా అది గొంతు పగిలే వయసు. పార్థసారథి గారు తల పట్టుకుని కూర్చుని, చివరికి ఒక ఉపాయం చెప్పారు. "నాయనా, నువ్వు డైలాగు మర్చిపో. ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పు. మొహంలో భావం ఉంటే చాలు." భాష రాని తారలతో అలా చేయించడం వాళ్లకు అలవాటేనట. తెలుగు పిల్లాడితో తెలుగు సీరియల్లో చేయించింది మాత్రం మా ఇంట్లోనే. మగపిల్లలకు ఆడవాళ్లు గొంతివ్వడం కూడా ఆ పనిలో మామూలే. తోడుగా వెళ్లిన నన్ను, పదిహేడేళ్లదాన్ని, మైకు ముందు నిలబెట్టారు. స్నేహితుడు చనిపోయే ఘట్టంలో చరణ్ ఏడిస్తే రాష్ట్రమంతా ఏడ్చింది కదా, అక్కడ మా వాడు నలభై ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టాడు. ఏడ్చింది నేను, అమీర్‌పేటలో ఒక చీకటి గదిలో. టైటిల్స్‌లో నా పేరు వేయలేదు, బయట చెప్పనని అమ్మ ఒట్టు వేయించుకుంది. నేనూ గుట్టుగా ఉన్నాను.

అప్పటి నుంచి వాడు బయట మాట్లాడటం తగ్గించేశాడు. ఎవరైనా గుర్తుపట్టి "ఆ బెంచీ మాట ఒక్కసారి అనవా" అంటే నవ్వి ఊరుకునేవాడు. కృష్ణప్రియ అని ఒకమ్మాయి, బడిలో ఉన్నప్పుడు ఉత్తరాలు రాసి, పెద్దయ్యాక కంప్యూటర్ కోర్సులో వాడికే తోటి విద్యార్థి అయింది. నాలుగు నెలలు కలిసి చాయ్ తాగారు. ఒకరోజు ఆ అమ్మాయి, "నువ్వు మాట్లాడుతుంటే వేరే ఎవరితోనో ఉన్నట్టుంటుంది" అందట. తమాషాకే అని ఉంటుంది. వాడు మర్నాటి నుంచి ఆ కోర్సుకు వెళ్లలేదు.

అందుకని ఆ వేసవి వాడికి కావలసింది వేషం కాదు. తన నోటితో తన మాట తానే అనాలి, నలుగురూ అది విని వాడిదే అనుకోవాలి. అంతకంటే వాడేమీ అడగలేదు.

నేర్పించే పని నామీద పడింది. నేనప్పుడు హైటెక్ సిటీలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేదాన్ని, అంటే అమెరికా డాక్టర్లు టేపుల్లో గొణిగేదాన్ని చెవులు రిక్కించి విని టైపు చేయడం. తొమ్మిదింటికి షిఫ్టు. అందుకని పొద్దున ఆరింటికే ఇద్దరం మా ఇంటి వెనక రాతిగుట్ట ఎక్కేవాళ్లం. వాడు పేపరు పట్టుకుని సంపాదకీయం దగ్గర నుంచి పెళ్లి ప్రకటనల దాకా పైకి చదివేవాడు.

"'వచ్చినాను' కాదురా, 'వచ్చాను'."

"వచ్చాను."

"మాట బాగుంది గానీ శవం లేచి చెప్పినట్టుంది. కొంచెం ప్రాణం పెట్టు."

"ప్రాణం పెడితే 'వచ్చినాను' అనే వస్తాది అక్కా. ఏం చేసేది?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. అలా మేమిద్దరం నవ్వుకుని ఎన్నేళ్లయిందో. వాడు నవ్వు ఆపి, పేపరు మడిచి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఈ ఒక్కతూరి నా మాట నేను చెప్పుకుంటే చాలక్కా. ఆ తర్వాత సీరియల్ ఆడకపోయినా నాకేం బాధ లేదు."

"ఆడుతుందిలే. పద, మళ్లీ చదువు."

ఒకరోజు సీతాబాయి పిడకల గంప నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చింది. "ఏం బిడ్డా, పొద్దుపొద్దుగాల్నే రాళ్లకు పాఠం చెప్తున్నవా?" అని నన్ను ఎగతాళి చేసి, గంప దించి వాడి పక్కన కూర్చుంది. నాన్న డిపో గురించి ఏదో అడిగింది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు నాన్న వాణ్ని ఖాళీ బస్సులో డ్రైవరు సీటు మీద కూర్చోబెట్టిన సంగతి, వాడు హారన్ కొడితే డిపో మేనేజరు ఉలిక్కిపడి చాయ్ ఒలకబోసుకున్న సంగతి. పేపరు లేదు, నా దిద్దుబాటు లేదు. వాడి మాటలు వాడివి. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"నీ గొంతు మస్తుంది కద బిడ్డా! టీవీల గట్ల సన్నగ ఎందుకొస్తుండె? గీ గొంతే మంచిగుంది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఆ పూట వాడు రెండు దోసెలు ఎక్కువ తిన్నాడు. నేను మాత్రం ఆఫీసులో ఒకే టేపును నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నా ఒక్క ముక్క ఎక్కలేదు. తలనొప్పి అనుకున్నాను.

ఏప్రిల్ చివర్లో ఖాజాగూడ చెరువు పక్క రాళ్ల దగ్గర ఆ చిన్న సీను తీశారు. ఇల్లు విడిచిపోయిన కొడుకు తండ్రి ముందుకొచ్చి నిలబడతాడు. "నాన్నా, నేను ఓడిపోయి రాలేదు. అలసిపోయి వచ్చాను. కాసేపు కూర్చోనివ్వు, వెళ్లిపోతాను." అంతే డైలాగు. నెలన్నరగా వాడు నిద్రలో కూడా చెప్పగల డైలాగు అది.

కెమెరా తిరిగింది. వాడు అడుగు ముందుకు వేశాడు, తల ఎత్తాడు, కళ్లలో నీళ్లు నిండాయి. పెదవులు కదిలాయి. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. పార్థసారథి గారే వచ్చి వాడి వీపు తట్టారు. "అలవాటండి, ఎక్కడికి పోతుంది. కంకర లారీల మోతకు ఇక్కడి సౌండు ఎలాగూ పనికిరాదు. మాటలు డబ్బింగ్ థియేటర్లో వేసుకుందాం." రెండో టేకులో వాడు మాటలే చెప్పాడు. కానీ తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "నోరు తెరిస్తే అవే వచ్చినాయక్కా. మాట గుర్తే రాలేదు," అన్నాడు.

మే రెండో వారంలో డబ్బింగు. అమీర్‌పేటలో అదే థియేటరు, అదే గది. గాజు పలక అవతల మైకు ముందు వాడు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఇవతల బల్ల దగ్గర సౌండు చూసే నర్సయ్య, పక్కన పార్థసారథి గారు, నేను. ఏడేళ్ల కిందట నేను నిలబడిన చోట వాడు నిలబడ్డాడు. మనం మాట్లాడేది లోపలి మనిషికి వినిపించాలంటే బల్ల మీద ఒక బటన్ నొక్కాలి, అప్పుడు దాని పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ బటన్ పాతకాలం నుంచీ మొండిది, నొక్కితే ఓ పట్టాన పైకి లేవదు. గోటితో పైకి లాగాలి. ఆ సంగతి ఆ గదిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మొదటిసారి వాడు నేను నేర్పినట్టే చెప్పాడు. అక్షరం పొల్లుపోలేదు, ఉత్తరం చదివినట్టుంది. రెండోసారి తెర మీది పెదవులను అందుకోలేకపోయాడు. పార్థసారథి గారు బటన్ నొక్కి, "తొందర లేదు నాయనా, ఇంకొక్కసారి" అన్నారు.

మూడోసారి వాడు తెర వైపు చూడలేదు, కళ్లు మూసుకున్నాడు.

"నాన్నా, నేను ఓడిపోయి రాలేదు. అలసిపోయి వచ్చినాను."

'వచ్చినాను' అనే అన్నాడు. ఆ గొంతు బరువుగా, కొంచెం గరుగ్గా, ఎక్కడో అడుగు నుంచి వచ్చింది. నర్సయ్య చేస్తున్న పని ఆపి తలెత్తాడు. బాగుంది. ఎంత బాగుందంటే, దాని ముందు నేను చెప్పిన చరణ్ ఏ మూలకూ రాడు. ఆనాడు నేను రాష్ట్రాన్ని ఏడిపించానే, ఆ ఏడుపు గొంతు మార్చి చెప్పిన పాఠమని ఆ ఒక్క వాక్యంతో తేలిపోయింది.

పార్థసారథి గారు నా వైపు తిరిగారు. "నాకైతే ఏదో తగులుతోందండి లోపల. కానీ ఆ యాస... ఛానెల్ వాళ్లు ఒప్పుకుంటారో లేదో. మీ చెవి మీద నాకు నమ్మకం. మీరు ఊఁ అంటే నేను వాళ్లతో పోట్లాడతాను. ఏమంటారు?"

ఆనాటి నుంచీ నేను పేరు లేకుండా గొంతిచ్చాను, తమ్ముడి కోసం త్యాగం చేశాను అనుకుంటూ బతికాను. అది త్యాగం కాదు, సొత్తు. నాకంటూ ఉన్న ఒకే ఒక్క సొత్తు. ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు కదా, ఆ ఉత్తరాలన్నీ సగం నాకు వచ్చినవేనని. ఆ క్షణంలో నాకు వచ్చింది అసూయ. దానికి వేరే మంచి పేరు పెట్టాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను, కుదరలేదు.

"యాస పోదు సార్," అన్నాను. "రెండు నెలల నుంచి చూస్తున్నాను కదా. వాడికి మొహమే ఉంది, గొంతు లేదు. ఆ డబ్బింగ్ కుర్రాణ్నే పెట్టుకోండి."

పార్థసారథి గారు నిట్టూర్చి తలూపారు. నర్సయ్య బల్ల వైపు చూశాడు. నేనూ చూశాను. బటన్ పక్కన ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. గాజు అవతల యశ్వంత్ తల వంచుకుని, హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదిమిపట్టుకుని నిలబడి ఉన్నాడు.

వాడు మెల్లిగా హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించి బయటికి వచ్చాడు. "సార్, వేరే వాళ్లను చూసుకోండి. నేను చెయ్యలేను," అన్నాడు. పార్థసారథి గారు ఎంతో నచ్చజెప్పారు. గొంతు ఎవరిదైతే ఏమిటి, మొహం నీదే కదా అన్నారు. వాడు ఆయన కాళ్లకు దండం పెట్టి, నా సంచి అందుకుని, "పోదాం పా అక్కా" అన్నాడు.

బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఎండ నా వైపు పడుతుంటే లేచి చోటు మార్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. దారంతా నేను నోరు తెరవాలని చూశాను. ఇంటికొచ్చేసరికి అమ్మ ఓళిగలు చేసి పెట్టింది, వీధి మొదట్లోకే నెయ్యి వాసన వచ్చింది. సీతాబాయి మనవరాలిని ఎత్తుకుని మా గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏమైంది నాయనా?" అంది అమ్మ.

"నాకే వద్దనిపించిందిమా. మనకెందుకులే ఇంక ఇది," అన్నాడు వాడు. నా పేరు ఎత్తలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి రెండు ఓళిగలు తిన్నాడు, అమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఇల్లంతా చావు జరిగినట్టు అయిపోయింది. అమ్మ గోడ మీది ఫొటోలు తియ్యలేదు, తుడవడం మానేసింది.

జూన్‌లో మొదటి వాన పడ్డాక వాడు నాన్న దగ్గరికి వెళ్లిపోతానన్నాడు. ఇమ్లీబన్ బస్టాండులో అనంతపురం బస్సు కోసం ఇద్దరం నిలబడ్డాం. అక్కడ ఎవరూ వాణ్ని గుర్తుపట్టలేదు. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంటూ నేను వాడి పెట్టె పిడిని పట్టుకుని ఉన్నాను.

"యశూ, ఆ పొద్దు థియేటర్లో నేనన్నది..."

"విన్నానక్కా." వాడు నవ్వాడు, బుగ్గన సొట్ట పడింది. "నువ్వు బాధపడొద్దు. వేరే ఎవరన్నా అనింటే కోపమొచ్చేది. నువ్వు నాకు అబద్ధం చెప్పవు కదా. ఇన్నాళ్లు ఊరికే ఆశపడతా ఉన్నా, నీ వల్లనే తెలివొచ్చింది."

రాష్ట్రానికంతటికీ ధైర్యం చెప్పిన గొంతు నాది, నా తమ్ముడికి ఒక్క నిజం చెప్పలేకపోయింది. బస్సు వచ్చింది. వాడు పెట్టె పిడి మీద నుంచి నా వేళ్లు మెల్లిగా విడదీసి ఎక్కేశాడు. జూలైలో అమ్మ కూడా వెళ్లిపోయింది. పార్థసారథి గారి సీరియల్ ఎవరో కొత్త కుర్రాడితో వచ్చింది, మూడు నెలల్లో ఆగిపోయింది. నేను కొండాపూర్ ఇల్లు ఖాళీ చేసి లేడీస్ హాస్టల్లో చేరాను.

ఇప్పుడు వాడికి ధర్మవరంలో మోటారు పంపుల సామాన్ల కొట్టుంది. పెళ్లయింది, తొమ్మిదేళ్ల కూతురుంది. నేను ఫోన్ చేస్తే "బాగుండావా అక్కా? ఉండు, ఆమెకిస్తా" అంటాడు. అంతకు మించి మాట్లాడడు. ఇంట్లోనూ అంతేనని మరదలు చెబుతుంది, కొట్లో కూడా వేళ్లు చూపించే బేరమాడతాడట.

పోయిన వారం పాప ఎత్తింది ఫోను.

"అత్తా, నాకొక కథ చెప్పవా? నాన్ననడిగితే చెప్పడు. అత్త బాగా చెప్తాది, ఆమెనడుగు పో అంటాడు."

"లేదమ్మా," అన్నాను. "నాకంటే మీ నాన్నే బాగా చెప్తాడు. మీ నాన్న గొంతు చాలా మంచి గొంతు. నేను చెప్పానని చెప్పు. నిజంగా చెప్పానని చెప్పు."

పాప ఫోను పక్కకు పెట్టి అరిచింది. "నాన్నా, అత్త కంటే నువ్వే బాగా చెప్తావంట! నీ గొంతు చాలా మంచిదంట! నిజంగానంట!"

దూరంగా వాడు నవ్వడం వినిపించింది. ఆ తర్వాత వాడి మాట వినిపించింది, బరువుగా, కొంచెం గరుగ్గా. "అత్తకు నేనంటే ప్రాణం మా, అందుకని అట్ల అంటాది. నువ్వు కథ విను."

పాప మళ్లీ ఫోను చెవికి ఆనించుకుంది. నేను కథ మొదలుపెట్టాను.